ముందు ముక్కు చెప్పాలి

పాలు మాడుతున్న సంగతి అతనికి తెలియలేదు.

స్టవ్ చేతికందే దూరంలోనే ఉంది. అతను పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని చదువుకుంటున్నాడు. స్నానాల గదిలోంచి భార్య తడికాళ్ళతో పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసేసరికి గిన్నె అడుగు బొగ్గయిపోయింది.

"ఏవండీ! ఇల్లంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారు?"

"పేపర్లో పడిపోయాను."

"పేపర్లో పడితే చెవులు మూసుకుపోవడం చూశాను. ముక్కు కూడా మూసుకుపోతుందా?" అంటూ ఆవిడ కిటికీ తెరిచింది.

అతను నవ్వి ఊరుకున్నాడు. నవ్వడం తప్ప చేయగలిగింది లేదు. ఎందుకంటే ఊళ్ళో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. ఫ్యాక్టరీలో, బార్లో, స్నేహితుల్లో అందరికీ అతను 'ముక్కు'. విస్కీ తయారుచేసే కంపెనీలో బ్లెండరు. పీపాల్లో ఏళ్ళ తరబడి మగ్గిన సరుకుని వాసన చూసి, దేన్ని దేనితో ఎంత కలపాలో తేల్చేది అతనే. మూత తియ్యగానే ఇది ఏ కట్టెతో చేసిన పీపా, అంతకుముందు అందులో ఏం పోశారు, గోడౌన్లో ఏ మూల పడుకుంది అని చెప్పేసేవాడు. కొత్తగా చేరినవాళ్ళు ముక్కున వేలేసుకునేవారు.

కిందటేడు వానాకాలంలో జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనల్ని పట్టుకుపోయింది.

చెవి ముక్కు గొంతు డాక్టరు కళ్ళజోడు తుడుచుకుంటూ, "కొందరికి తిరిగొస్తుంది. కొందరికి రాదు. అలవాటైన వాసనల మధ్యే ఉండండి. వస్తే అక్కడే వస్తుంది," అన్నాడు.

ఆ ఒక్క మాట పట్టుకునే వేలాడుతున్నాడు అతను. అలవాటైన వాసనలంటే ఇంకెక్కడ? ఫ్యాక్టరీలో తన శాంపిల్ గది. రోజూ పొద్దున్నే ఎవరూ రాకముందు వెళ్ళి, ఉద్యోగంలో చేరిన కొత్తలో తన చేత్తో నింపిన పీపా నుంచి తీసిన శాంపిల్ గ్లాసులో పోసుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. రెండు మూడుసార్లు ఏదో తగిలినట్టే అనిపించింది. తడిసిన చెక్కలాంటిది. అది వాసనో జ్ఞాపకమో తేల్చుకునేలోపే పోయింది. అయినా సరే, ఆ గది ఉన్నంతకాలం ఆశ ఉన్నట్టే. గది పోతే అన్నీ పోయినట్టే.

ఆ గది నిలుపుకోడానికే ఈ నాటకమంతా.

ఫ్యాక్టరీలో నాటకం తేలికే. అతని కింద పనిచేసే కెమిస్టు అమ్మాయిని ముందు పెట్టేవాడు. "నువ్వు చెప్పమ్మా. ఎప్పటికి నేర్చుకుంటావు?" అనేవాడు. ఆ అమ్మాయి భయపడుతూ చెప్పేది. అతను గ్లాసు ఊపి, ఓసారి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఫరవాలేదు, దారిలో పడుతున్నావు," అనేవాడు. గురువుగారు ఎంత ఓపికగా నేర్పిస్తున్నారో అని ఆ అమ్మాయి మురిసిపోయేది.

అసలు చిక్కంతా ఆదివారాలతోనే.

ఆదివారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరు మేడ మీద గదిలో నలుగురు కలుస్తారు. డాక్టరు, రిటైరైన రైల్వే గార్డు, ఇతను, ఇతని బావమరిది. కింద డాక్టరు క్లినిక్, పైన ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఉప్పులేని బిస్కెట్లు. తాగి తూలడానికి కాదు, రుచులు పోల్చుకోడానికి. బావమరిదికి మందుషాపు ఉంది కాబట్టి సీసాలు అతనే తెస్తాడు. లేబుళ్ళు కనిపించకుండా సీసాలకి పాత మేజోళ్ళు తొడుగుతారు. తేలికపాటివి ముందు, పొగ వాసన కొట్టేవి ఆఖర్న. అన్నిటికంటే గట్టి నియమం ఇంకొకటుంది. ముక్కు నోరు విప్పేదాకా ఎవరూ ఏమీ అనకూడదు.

ఆ నియమం పెట్టింది అతనే. ముక్కు బాగున్న రోజుల్లో. "ఒకడు నిమ్మతొక్క అన్నాడంటే మిగతావాళ్ళందరికీ నిమ్మతొక్కే వస్తుంది. కాబట్టి నోళ్ళు మూసుకోండి. ముందు నేను చెబుతాను, తర్వాత మీ ఏడుపు మీరు ఏడవండి," అన్నాడు. ఇప్పుడు ఆ నియమమే మెడకి ఉరితాడయింది. మార్చుకుందామంటే ఎందుకని అడుగుతారు.

అందుకే బావమరిదికి నిజం చెప్పుకున్నాడు. ముక్కు డాక్టరు కాక లోకంలో అతనొక్కడికే. బావమరిది, "సరే బావా, నేను చూసుకుంటాను," అన్నాడు. అప్పట్నుంచీ ప్రతి ఆదివారం పొద్దున ఫోను.

"బావా, ఒకటి అమెరికా బర్బన్ పోసిన పీపాలో మగ్గింది, తేలిక సరుకు. రెండు రై, రొట్టెలు చేసే ధాన్యంతో కాచింది. మూడు షెర్రీ వైన్ పీపా, ఆ నల్ల లేబుల్ది. నాలుగు సముద్రం మధ్య దీవిలో కాచిన సరుకు, పొగే పొగ."

"మూడోది పాతదా, కొత్తగా వచ్చిందా?"

"పాతదే. కిందటిసారి నువ్వు ఎండు ద్రాక్ష అన్నావే, అదే."

"మరి ఈసారి అంజీరపండు అంటాను. రోజూ ద్రాక్షే అంటే అనుమానం వస్తుంది."

గడ్డం గీసుకుంటూ మాటలు కూర్చుకునేవాడు. వాసనలు పోయాయి గానీ వాటి జ్ఞాపకాలు పోలేదు. పైగా అడ్డేదీ లేకపోవడంతో మాటలు మునుపటికంటే బాగా వచ్చేవి.

ఇలా బండి నడుస్తుండగా ఒక శనివారం సాయంత్రం నలుగురూ హోటల్ బారుకి వెళ్ళారు. బయట తాగితే అతనికి హాయి. సీసా కళ్ళముందే ఉంటుంది, లేబుల్ చదువుకుని మాట్లాడితే చాలు. ఆవేళ రెండు పెగ్గుల్ని పక్కపక్కన పెట్టించుకుని మంచి ఊపులో ఉన్నాడు.

"ఇదేమో పుస్తకాల బీరువా చాన్నాళ్ళకి తెరిచినట్టు ఉంటుంది. ఇదేమో వాన వెలిశాక తోలు చెప్పులు ఎండలో పెట్టినట్టు."

"నాకు మాత్రం జంక్షన్లో ఇంజను ఆగినట్టుంది," అన్నాడు గార్డు. గార్డుకి ఏ విస్కీ తాగినా ఏదో ఒక స్టేషనే గుర్తొస్తుంది.

"నీకు పాలు తాగినా ఇంజనే వస్తుంది," అన్నాడు డాక్టరు. ఇతని వైపు తిరిగి, "ఒరేయ్, ఈమధ్య మరీ కవిత్వం చెబుతున్నావురా. మునుపు రెండు ముక్కల్లో తేల్చేసేవాడివి," అన్నాడు.

దొరికిపోయానేమో అనుకున్నాడు అతను. జవాబు వెతుక్కుంటుండగా వెనక బల్ల దగ్గర్నుంచి ఒక మనిషి లేచి వచ్చాడు. ఫ్యాక్టరీకి కొత్తగా వచ్చిన మేనేజరు. వయసులో చిన్నవాడు, మాట మెత్తన, చూపు మాత్రం చురుకు.

"సార్, ఇందాకట్నుంచీ వింటున్నాను. మతిపోతోంది నాకు. ఆదివారాలు కూడా ఇలాగే కూర్చుంటారటగా? నేనొక్కసారి రావచ్చా?"

మేనేజరు మాటకి వెనకాల ఏముందో అతనికి తెలుసు. పై నెలలో కంపెనీ కొత్త విస్కీ విడుదల చేస్తోంది. దాన్ని బ్లెండరు తేల్చాలా, లేబొరేటరీ మిషను తేలిస్తే చాలా అన్నది ఈ మేనేజరే నిర్ణయించాలి. మిషను చాలంటే శాంపిల్ గదికి తాళం. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుందామని నోరు తెరిచేలోపే గార్డు చేతులు చాచేశాడు.

"దానికేం భాగ్యం, రండి రండి! కుర్చీ మాత్రం తక్కువుంది. స్టూలు మీద కూర్చోవాలి."

* * *

ఆదివారం పొద్దున ఫోను రెండుసార్లు చేయించుకున్నాడు. నాలుగు సీసాలూ వరస తప్పకుండా అప్పజెప్పాడు.

"భయపడకు బావా. వరస మారదు. పోసేది నేనే కదా," అన్నాడు బావమరిది.

మధ్యాహ్నం అయిదుగురూ బల్ల చుట్టూ చేరారు. మేనేజరు సరిగ్గా అతనికి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. మొదటి విస్కీ పోశారు. అతను గ్లాసు ఎత్తి, తిప్పి, ముక్కు ఆనించి, ఎంతసేపు ఆగాలో అంతసేపు ఆగి చెప్పాడు. "వెనిల్లా. కొత్తగా చిత్రిక పట్టిన చెక్క. కాస్త కొబ్బరి."

మేజోడు లాగారు. బర్బన్ పీపాలో మగ్గిన సరుకే. మేనేజరు చప్పట్లు కొట్టాడు. గార్డు తన కొడుక్కి ఫస్టు ర్యాంకు వచ్చినట్టు చుట్టూ చూశాడు.

రెండో దానికి గ్లాసులు చాల్లేదు. నలుగురికీ తలా రెండు గ్లాసులుండేవి, వచ్చింది అయిదుగురు. "కడుక్కొస్తానుండండి. పైన కుళాయి పొద్దున్నించీ రావట్లేదు," అంటూ డాక్టరు గ్లాసులన్నీ పళ్ళెంలో పెట్టుకుని కిందికి వెళ్ళాడు. తుడిచి, మెరుస్తున్న గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు. బావమరిది రెండో సీసా వంచాడు.

రై విస్కీ. పొద్దున గడ్డం గీసుకుంటూ అనుకున్న మాటలు వరసగా గుర్తుచేసుకున్నాడు. మొదటి గ్లాసు దాటగలిగిన ధైర్యంతో ఈసారి ఇంకాస్త విలాసంగా కళ్ళు కూడా మూసుకున్నాడు. గాలి లోపలికి లాగాడు. ముక్కు రంధ్రాల్లో సన్నటి మంట. అంతే. ఆ మంట ఒక్కటే మిగిలింది అతనికి.

కాళ్ళ దగ్గర ఏదో తగిలింది. బావమరిది కాలు. మళ్ళీ తగిలింది, ఈసారి గట్టిగా. కంగారులో కాళ్ళు ఊపుతున్నాడేమో అనుకుని అతను తన పాదం వెనక్కి తీసుకున్నాడు.

"బావా, ఈ గ్లాసులు ఒక్క నిమిషం..." అని బావమరిది మొదలుపెట్టాడు.

"ఆగండి," అన్నాడు మేనేజరు మెత్తగా. "నియమం ఉంది కదా. ముందు సార్ చెప్పాలి."

అతను కళ్ళు తెరవకుండానే చెప్పాడు. "కాల్చిన రొట్టె అంచు. పుదీనా. పచ్చి ఆపిల్ని అప్పుడే కోసినట్టు. చాలా శుభ్రమైన సరుకు. ఒక్క మచ్చ లేదు."

కుర్చీ ఒకటి వెనక్కి జరిగిన చప్పుడయింది.

కళ్ళు తెరిచాడు. గార్డు జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఉన్నాడు. డాక్టరు మొహం పాలిపోయింది. బావమరిది బల్ల వంక చూస్తున్నాడు. ఎక్కడో పప్పులో కాలేశానని అర్థమయింది గానీ ఎక్కడో తెలియలేదు. వరస మారిందేమో అనుకున్నాడు. సర్దుకోవాలనుకున్నాడు. "చివర్లో కాస్త తేనె కూడా..." అన్నాడు.

మేనేజరు గ్లాసు కింద పెట్టాడు. "డాక్టరుగారూ, గ్లాసులు దేంతో తుడిచారు?"

"క్లినిక్లో తువ్వాలుతో," అన్నాడు డాక్టరు. "నిన్న సాయంత్రం లవంగ నూనె సీసా ఒలికింది. దాంతోనే తుడిచినట్టున్నాను. నాకు తెలియలేదు. ఇరవైనాలుగ్గంటలూ ఆ వాసనలోనే బతికేవాణ్ణి, నా ముక్కుకి అది ఆనదు. ఎవరో ఒకరు మొహం చిట్లించేదాకా..."

అతను గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో అతనికే తెలియదు. గది గదంతా లవంగ నూనె కంపు కొడుతోందట. మెట్ల మీద నిలబడ్డవాడికి కూడా తెలుస్తుందట.

"బావకి జలుబండీ, పొద్దున్నించీ," అన్నాడు బావమరిది.

"జలుబా? పుదీనా అందింది, ఆపిల్ అందింది," అన్నాడు మేనేజరు. లేచి, రెండో సీసా మేజోడు తనే లాగాడు. రై విస్కీ. "సార్ చెప్పింది సరిగ్గా సరిపోయింది. అదే ఆశ్చర్యం."

అక్కడితో అంతా బయటపడింది. వాసన రానివాడు సీసా గుర్తుపట్టాడంటే ఎవరో ముందే చెప్పి ఉండాలి. సీసాలు తెచ్చేది ఒక్కడే. డాక్టరు బావమరిది వంక చూశాడు. బావమరిది విప్పిన మేజోడు మడతపెట్టసాగాడు.

గార్డు తల ఎత్తాడు. కోపం లేదు మొహంలో. అది ఉన్నా బాగుండేది.

"ఎన్నాళ్ళయిందిరా?"

"కిందటేడు... జ్వరం తర్వాత."

"అంటే ఇన్నాళ్ళూ..." గార్డు ఆగి, వేలు పెట్టి తన ముక్కు చూపించుకున్నాడు. "పోయిన వారం నువ్వు నారింజతొక్క అన్నావు. నాకూ వచ్చిందిరా నారింజతొక్క. ఇంటికెళ్ళి మా ఆవిడకి కూడా చెప్పాను. అంతకు ముందు వారం నువ్వు తోలు అన్నావు, తోలు వచ్చింది. నువ్వేమో ఉత్తినే అన్నావు. మరి నాకొచ్చిందేంటి?"

అతను గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"చెబితే ఏమయ్యేదిరా? మేం కాదనేవాళ్ళమా?" అన్నాడు డాక్టరు.

మిగతా రెండు సీసాలూ మేజోళ్ళు విప్పకుండానే ఉండిపోయాయి. మేనేజరు అందరికీ నమస్కారం పెట్టి, "రేపు ఒకసారి కలవండి సార్," అని మర్యాదగా చెప్పి మెట్లు దిగాడు.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతూ విన్నది. పెద్దగా ఆశ్చర్యపోలేదు.

"నాకెప్పుడో తెలుసు. మీకు పడని తలనూనె ఉందే, నెలల తరబడి అదే రాసుకుంటున్నాను. మునుపయితే గది బయటికి తరిమేవారు. ఒక్కమాట అన్లేదు మీరు."

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. వాడికి చెప్పారు, నాకు చెప్పలేదు." ఇంకో చీర మడత పెట్టింది. "మానేయండి. ఆ గదిలో కూర్చుని ఏం చూసుకుంటారు?"

"ముక్కు డాక్టరు చెప్పాడు, వస్తే అక్కడే వస్తుందని."

ఆవిడ మడతపెట్టిన బట్టలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

* * *

మర్నాడు కాళ్ళీడ్చుకుంటూ మేనేజరు గదికి వెళ్ళాడు. రాజీనామా మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. మేనేజరు లేచి కుర్చీ చూపించాడు, కాఫీ తెప్పించాడు. ఆ మర్యాద చూస్తే అతనికి ఇంకా భయమేసింది.

"మీరు వెళ్ళిపోతారని అనుకుంటున్నారేమో. ఎవరన్నారు సార్ అలా? కొత్త విస్కీకి మీరే కావాలి."

"నాకు వాసన రాదండీ," అన్నాడు అతను. ఆ మాట బయట మనిషితో అంత సూటిగా అనడం అదే మొదలు.

"కలపడం మిషను చూసుకుంటుంది. కెమిస్టు అమ్మాయి ఉంది. కలిపిన దాని గురించి చెప్పేవాళ్ళే లేరు నాకు. నిన్న చూశాను కదా. లవంగ నూనె కొట్టుకుపోతున్న గ్లాసులోంచి పచ్చి ఆపిల్ తీశారు మీరు. ఆ ఆపిల్ నాకు కూడా ఒక్క క్షణం కనిపించింది, నిజం చెబుతున్నాను." మేనేజరు ముందుకి వంగాడు. "సీసా మీద మీ ఫోటో, మీ మాటలు. హోటళ్ళలో, క్లబ్బుల్లో మీరు గ్లాసు పట్టుకుని మాట్లాడాలి. అంతే."

"సరుకు ఎలాంటిది?"

"మార్కెట్ సరుకు సార్. ఎక్కువ మగ్గలేదు. రంగు వేస్తాం, కాస్త ఎసెన్సు పడుతుంది. పాత స్టాకు కూడా కొంత కలుపుతున్నాం, లేబుల్ మీద రాసుకోడానికి."

"పాత స్టాకంటే ఏ పీపాలు?"

మేనేజరు చెప్పాడు. వాటిలో అతని చేత్తో నింపినది కూడా ఉంది.

అతను లేచి ఉంటే బాగుండేది. తలుపు రెండడుగుల దూరంలోనే ఉంది. కానీ అతను అడిగిన మాట వేరు.

"శాంపిల్ గది ఉంటుందా?"

"మిషను అక్కడే పెడుతున్నాం సార్. కావాలంటే మీకొక కుర్చీ వేయిస్తాను."

"వేయించండి," అన్నాడు.

కుర్చీ వేశారు. మిషను పక్కన, గోడవైపు. అతను నింపిన పీపా కొత్త సరుకులోకి ఖాళీ అయిపోయింది కాబట్టి పొద్దున్నే పోసుకోడానికి శాంపిల్ లేదు. కెమిస్టు అమ్మాయి మునుపటంత గౌరవంగానే నమస్కారం పెట్టేది, కానీ గ్లాసు పట్టుకుని అడగడం మానేసింది. అడిగినా అతను ఏం చెబుతాడు? కొన్నాళ్ళు ఉత్త గాలి పీల్చుకుంటూ కూర్చున్నాడు. మిషను వేడెక్కుతుంటే ఏదైనా వాసన వస్తుందేమో అడుగుదామనుకుని మానేశాడు.

ఆదివారాలు ఫోను రాలేదు. డాక్టరు మేడ మీద ముగ్గురూ కలుస్తున్నారో, అసలు కలవడమే మానేశారో అతను కనుక్కోలేదు.

విడుదల రోజున హోటల్ హాలు కిటకిటలాడింది. విస్కీ అంటే చెవి కోసుకునేవాళ్ళంతా వచ్చారు. సీసాల మీద అతని మొహం వరసగా నవ్వుతోంది. అతను గ్లాసు పైకెత్తి, దీపం వెలుగులో రంగు చూపించి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎండిన పూలన్నాడు, పాత గుర్రపు జీను అన్నాడు, వర్షానికి ముందు గాలి అన్నాడు. ముందు వరసలో ఒకాయన తల ఊపుతూ పక్కనున్నాయనతో, "గుర్రపు జీను! అవును, పట్టుకోలేకపోయాను ఇందాక," అన్నాడు. చప్పట్లు మోగాయి.

గార్డు రాలేదు. డాక్టరు వచ్చాడు, వెనక వరసలో నిలబడ్డాడు. ఒక్క గుక్క తాగి, గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, ఇతనికి దూరం నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

బావమరిది మాత్రం గోడవారగా ఉన్నాడు, చేతిలో ఖాళీ గ్లాసుతో. బావమరిది షాపుకి ఈ సరుకు పెట్టెలకి పెట్టెలు దిగుతోంది. అతను జనాన్ని తప్పించుకుని బావమరిది దగ్గరికి వెళ్ళాడు.

"ఒరేయ్, నీకు దండం పెడతాను, నిజం చెప్పు. ఎలా ఉందిరా?"

బావమరిది అతని కళ్ళలోకి చూశాడు. షాపులో గిరాకీని చూసి నవ్వినట్టు నవ్వాడు.

"నువ్వు చెప్పినట్టే ఉంది బావా."

అది అబద్ధమో, నిజమో, జాలో తెలుసుకునే దారి అతనికి లేదు. తన గ్లాసులో మిగిలింది గొంతులో పోసుకున్నాడు. మండింది. ఏ సరుకైనా అంతే మండుతుంది.

అవతలి బల్ల దగ్గర్నుంచి మేనేజరు చెయ్యెత్తి పిలిచాడు. కొత్తగా ఎవరో వచ్చారు, బ్లెండరుగారి నోటనే వినాలట. అతను చొక్కా సర్దుకుని, గ్లాసులో ఇంకాస్త పోయించుకుని అటు నడిచాడు.